ఫారం నుంచి వచ్చిన కోళ్ళు, కోత తప్పిన మేకలు: ఇంట్లో ఎదురయ్యే సమస్యలు, పరిష్కారాలు

దత్తతకు వచ్చేవి సాధారణంగా మూడు రకాలు. ఏడాదిన్నర వయసులో గుడ్లు తగ్గాయని ఫారంలో తీసేసిన లేయర్ కోళ్ళు, బండిలోంచి జారిపడి దొరికిన బాయిలర్ కోళ్ళు, బక్రీదుకో మారెమ్మ జాతరకో కొని, మనసొప్పక వదిలేసిన మేకలు. బెంగళూరు అంచున యలహంక, హోసకోట, సర్జాపుర వైపు కాస్త పెరడున్న ఇంట్లో వీటిని బాగానే చూసుకోవచ్చు. చిక్కల్లా ఒకటే. చిత్తూరు, అనంతపురం పల్లెల్లో నాటుకోళ్ళ మధ్య పెరిగి బెంగళూరు వచ్చినవాళ్ళం కదా, కోడి గురించి మనకు తెలుసనుకుంటాం. నాటుకోడికి సరిపోయే పెంపకంలో ఫారం కోడి బతకదు. దాని ఎముక వేరు, ముక్కు వేరు, ఆకలి వేరు. కింద రాసిన సమస్యల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

తెచ్చిన రోజే తూకం వేయండి. కోడినైతే బుట్టలో పెట్టి వంటింటి కాటా మీద ఉంచండి. మేకనైతే ఎత్తుకుని మీరు కాటా ఎక్కి, తర్వాత మీ బరువు తీసేయండి. ఏ మందైనా బరువును బట్టే ఇస్తారు. ఇంట్లో ముందే కోళ్ళుంటే కొత్తవాటిని 30 రోజులు వేరుగా ఉంచాలి. గిన్నెలు, చెప్పులు కూడా వేరే.

గింజలు చల్లితే తినడం లేదు, చిక్కిపోతోంది

లేయర్ కోళ్ళ విషయంలో మొదటి వారం అందరూ కంగారుపడేది దీనికే. కోడిని ఒళ్ళో పెట్టుకుని ముక్కు దగ్గరగా చూడండి. పైముక్కు మొండిగా కోసేసి ఉంటుంది, కిందిముక్కు దాన్ని దాటి గరిటెలా ముందుకొచ్చి ఉంటుంది. గూళ్ళలో ఒకదాన్నొకటి పొడుచుకోకుండా పిల్లప్పుడే కాలుస్తారు. ఆ ముక్కుతో నేలమీద జొన్నగింజను పట్టుకోలేదు, ఎంత పొడిచినా గింజ పక్కకు జారిపోతుంది. పైగా పిండిదాణా తప్ప వేరే తిండిని అది చూసి ఉండదు. ఫారంలో నీళ్ళ గొట్టానికుండే నిపుల్‌ను పొడిచి చుక్కచుక్కగా తాగడమే తెలుసు కాబట్టి గిన్నెలో నీళ్ళున్నా పోల్చుకోదు.

బరువైన లోతు గిన్నెలో రెండంగుళాల మందాన లేయర్ దాణా పోయండి. కోడికి రోజుకు 100 నుంచి 120 గ్రాములు కావాలి. దాణాను పుట్టుపిండిలా తడిపితే ఇంకా సులువుగా తింటుంది, కానీ తడిపినది రెండు గంటల్లో తీసేయాలి, పులిస్తే విరేచనాలు. నీళ్ళ కోసం ముక్కు కొనను రెండు మూడుసార్లు నెమ్మదిగా గిన్నెలో తాకించండి. ముక్కురంధ్రాలు మునగకూడదు. మామూలు రోజుల్లో పావు లీటరు తాగుతుంది, ఏప్రిల్ ఎండల్లో దానికి రెట్టింపు. గోళ్ళు వంకర తిరిగి ఉంటే కొన మాత్రమే కత్తిరించండి. రక్తం చిమ్మితే మొక్కజొన్న పిండి అద్ది ఒక నిమిషం వేలితో నొక్కి పట్టుకోండి.

మట్టి మీద దించగానే ఒక కాలు ఎత్తి అలాగే నిలబడిపోతుంది. పుట్టాక తీగల మీద తప్ప నడవని పాదం అది. రెండు మూడు రోజులు ఓపిక పట్టండి, కాళ్ళతో గీరడం తనంతట తనే మొదలుపెడుతుంది.

నిలబడలేకపోతోంది, పక్కకు ఒరిగిపోతోంది

రోజూ గుడ్డు పెట్టీ పెట్టీ ఎముకల్లోని సున్నం పెంకుకు పోయి ఉంటుంది. గూట్లో కదలిక లేక ఎముక గట్టిపడలేదు. అలాంటి కోడిని నాటుకోడిని పట్టినట్టు కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తితే తొడ ఎముకో రొమ్ము ఎముకో పుటుక్కుమంటుంది. రెండు రెక్కలనూ ఒంటికి అదిమి, కింద అరచేయి పెట్టి ఎత్తాలి.

నాలుగంగుళాల మందాన ఊక పరిచి, దాణా, నీళ్ళు కూర్చున్నచోటే అందేలా పెట్టండి. దాణా సంచి మీద కాల్షియం శాతం చదవండి, 3.5 నుంచి 4 ఉండాలి. ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టండి, కావాల్సినంత అదే తింటుంది. దాణాలో కలిపేయొద్దు. గుడ్లు పెట్టని కోళ్ళకు, పుంజులకు ఎక్కువ సున్నం మూత్రపిండాలను పాడుచేస్తుంది. విటమిన్ డి3 కలిసిన కోళ్ళ కాల్షియం ద్రావణం సీసా మీద రాసిన మోతాదులో నాలుగైదు రోజులు ఇవ్వండి. పొద్దున ఒక గంట నీరెండ తప్పనిసరి. ఆరు వారాలదాకా కూర్చునే కర్ర అడుగు ఎత్తుకు మించకూడదు, పైనుంచి దూకితే చాలు కాలు పోతుంది.

ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి చాపి పడుకుంటే అది మారెక్స్ అనే, నరాలను దెబ్బతీసే వైరస్ వ్యాధి కావచ్చు, కాల్షియంతో తగ్గదు. కాలు వాచి, ముట్టుకుంటే అరిస్తే విరిగినట్టు. రెండింటికీ డాక్టరే దిక్కు.

ఒళ్ళంతా బోడి, నెత్తిమీది ఎర్ర జుట్టు పాలిపోయి వాలిపోయింది

చూస్తే కడుపు తరుక్కుపోతుంది గానీ ఇది జబ్బు కాకపోవచ్చు. గూటి తీగల రాపిడికి ఈకలు పోతాయి. చీకటి షెడ్డులో, వేడిలో జుట్టు పెద్దదై పాలిపోయి వేలాడుతుంది. మంచి దాణా పడితే ఈకలు రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ లోపు డిసెంబరు, జనవరి రాత్రుల చలి నుంచి కాపాడాలి. గూటికి గాలి వీచే వైపు గోనెసంచి కట్టి, లోపల ఎండుగడ్డి దట్టంగా వేస్తే సరిపోతుంది. గడ్డిలో కరెంటు బల్బు పెట్టొద్దు, అంటుకుంటుంది. కొత్త ఈక నీలం ముల్లులా పొడుచుకొస్తుంది. దాంట్లో రక్తం ఉంటుంది, పీకకూడదు.

ఈకలు ఉన్నట్టుండి తగ్గుతూ, కోడి సాయంత్రం గూట్లోకి వెళ్ళనని మొరాయిస్తుంటే అనుమానం గోమార్ల మీద పెట్టుకోండి. పగలు వెతికితే కనపడవు. కర్ర సందుల్లో దాక్కుని రాత్రి రక్తం తాగుతాయి. రాత్రి తొమ్మిది దాటాక టార్చితో వెళ్ళి తెల్ల కాగితంతో కర్ర అడుగున తుడవండి, ఎర్రటి మరక పడితే అవే. సందుల్లో మరిగే నీళ్ళు పోసి, ఎండలో పెట్టి, వారానికి మళ్ళీ అదే చేయాలి. గుడ్లలోంచి కొత్తవి వస్తాయి కాబట్టి ఒకసారి కడిగి ఊరుకుంటే లాభం లేదు. కుక్కలకు వాడే పిడుదుల మందు కోడి మీద చల్లకండి.

పెంకు లేని గుడ్లు, కడుపు దించుకుని నిటారుగా నిలబడటం

ఒకటి రెండు తోలుగుడ్లు పడితే సున్నం చాలలేదని అర్థం. తోక ఎగరేస్తూ ముక్కుతూ, గూట్లోకి వెళ్ళి వస్తూ, తినకుండా ఉంటే గుడ్డు అడ్డంపడింది. చేయి భరించగల వేడి నీళ్ళు, అంటే సుమారు 40 డిగ్రీలు, బకెట్లో పోసి కడుపు మునిగేలా 15 నుంచి 20 నిమిషాలు కూర్చోబెట్టండి. తుడిచి, చీకటిగా వెచ్చగా ఉన్న చోట వదిలి కాల్షియం ఇవ్వండి. బయటినుంచి నొక్కి గుడ్డు పగలగొట్టొద్దు, లోపల పెంకు గుచ్చుకుంటే బతకదు. కొన్ని గంటల్లో రాకపోతే డాక్టరు దగ్గరికి. కడుపు నీళ్ళసంచిలా వేలాడుతూ వారాలు గడిస్తే గుడ్డుసొన కడుపులోనే పేరుకుంటోంది. లేయర్ జాతికి ఇది తరచూ వచ్చేదే, ఇంటివైద్యం లేదు.

చాలామంది గమనించనిది పోర్టికో లైటు. ఫారంలో రోజుకు 16 గంటల వెలుతురు ఇచ్చి గుడ్లు పెట్టిస్తారు. మన ఇంట్లోనూ గూటి మీద రాత్రంతా ట్యూబులైటు పడుతుంటే ఆ అలసిన ఒంటికి విశ్రాంతి ఉండదు. లైటు ఆపండి, లేదా గూటికి గుడ్డ కట్టండి. గుడ్లు ఆగిపోతే ఆగిపోనివ్వండి. ఈకలు మొలవాలన్నా, ఎముక గట్టిపడాలన్నా ఆ విరామం కావాలి.

రెట్ట మారింది

తెల్లకొన ఉన్న గట్టి రెట్ట మామూలే. పది రెట్టల్లో ఒకటి గోధుమరంగులో జిగటగా కంపు కొడితే అదీ మామూలే. రక్తం కనపడి, కోడి ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంటే కాక్సిడియోసిస్, పేగుల్లో చేరే పరాన్నజీవి జబ్బు. సెప్టెంబరు, అక్టోబరు వానలకు ఊక తడిసినప్పుడు ఎక్కువ. పిడికెడు ఊక పిండి చూడండి, ముద్దగా నిలిస్తే తడి ఎక్కువైనట్టు, మొత్తం మార్చాలి. ముక్కుకు ఘాటు తగిలేదాకా ఆగొద్దు. మందు ఆంప్రోలియం. 20 శాతం పొడి లీటరు నీళ్ళకు 1.2 గ్రాములు, ఐదు రోజులు, రోజూ కొత్తగా కలపాలి. డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టండి. ఆ ఐదు రోజులూ బలానికని బి కాంప్లెక్స్ ఇవ్వొద్దు, అందులోని థయామిన్ ఈ మందును పనిచేయనివ్వదు.

ఆకుపచ్చటి విరేచనం, మెడ మెలితిరగడం, ఎగశ్వాస కలిసి వస్తే కొక్కెర తెగులు. దానికి మందు లేదు, టీకాయే. ఫారం కోళ్ళకు వేసే ఉంటారు గానీ ఎప్పుడు వేశారో అడిగి రాసుకోండి. ఏ మందు వాడినా, డాక్టరు చెప్పిన గడువుదాకా ఆ కోడి గుడ్లు తినకూడదు.

బాయిలర్ నాలుగడుగులు వేసి కూర్చుండిపోతోంది

దీనికి కారణం మన ప్రేమే. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటేలా తయారుచేసిన జాతి అది. గిన్నె నిండుగా ఉంటే తింటూనే ఉంటుంది. నాలుగు కిలోలు దాటాక గుండె, కాళ్ళు ఆ బరువు మోయలేవు. జుట్టు నీలంగా మారి, కడుపులో నీరు చేరి రొప్పుతుంది.

దాణా గిన్నె ఎప్పుడూ నింపి ఉంచొద్దు. బాయిలర్ దాణా మానేసి 16 శాతం ప్రొటీన్ ఉన్న గ్రోయర్ దాణా, పొద్దున సగం, సాయంత్రం సగం, రోజు మొత్తానికి 100 గ్రాముల దగ్గర మొదలుపెట్టి, వారం వారం తూకం చూసి సర్దాలి. ఆకలికి తోటకూర, క్యాబేజీ ఆకులు వేలాడదీయండి, అందుకోవడానికి లేచి నడుస్తుంది. నీళ్ళ గిన్నె, దాణా గిన్నె చెరో మూల పెట్టినా అంతే.

అరికాలిలో నల్లటి పెచ్చు కట్టి వాస్తే, గోరువెచ్చటి నీళ్ళలో ఎప్సమ్ ఉప్పు వేసి 15 నిమిషాలు నానబెట్టి, ఆరాక పోవిడోన్ అయోడిన్ రాసి మెత్తగా కట్టుకట్టండి. బ్లేడుతో కోయొద్దు. ఎండాకాలం పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా దాణా తీసేయండి, జీర్ణమయ్యేటప్పుడు ఒంట్లో వేడి పెరుగుతుంది. నోరు తెరిచి రొప్పుతుంటే కాళ్ళు చల్లనీళ్ళలో ముంచండి, నెత్తిన పోయకండి.

మేక కడుపు ఉబ్బింది

మేక ఇంటికొచ్చిందని తెలియగానే వీధివీధంతా మిగిలిన అన్నం, పులిసిన ఇడ్లీపిండి, బిస్కెట్లు తెస్తారు. మేక పొట్ట ఆకులకూ గడ్డికీ చేసినది. ఒక్కసారిగా పిండిపదార్థం పడితే పొట్టలో పులుపు పెరిగి, ఎడమ డొక్క నీళ్ళకుండలా గుడగుడలాడుతుంది. పళ్ళు కొరుకుతుంది, పుల్లటి వాసనతో పలచగా పారుతుంది. గింజ, అన్నం అన్నీ ఆపి ఎండు రాగిగడ్డి మాత్రమే పెట్టండి. 20 కిలోల మేకకు 20 గ్రాముల వంటసోడా పావు లీటరు నీళ్ళలో కలిపి, తల ఎత్తకుండా, నోటి పక్కనుంచి కొద్దికొద్దిగా పోయాలి. తల పైకెత్తితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అదే రోజు డాక్టరును పిలవాలి. డొక్క డోలులా బిగిసి ఊపిరి అందకపోతే నిమిషాలే ఉంటాయి, పశువైద్య సహాయానికి 1962కు ఫోను చేయండి. కత్తితో పొడిచే ప్రయత్నం చేయకండి.

లేఔట్లలో కాంపౌండు వెంట పెంచే గన్నేరు కొన్ని ఆకులతోనే మేకను చంపుతుంది. కత్తిరించి పడేసిన ఎండుకొమ్మ కూడా విషమే. మేక వచ్చేముందే పీకించండి.

ముక్కుతోంది, ఏమీ రావడం లేదు

వట్టగొట్టిన మేకపోతు వెనక్కాళ్ళు చాపి, తోక ఆడిస్తూ ముక్కుతుంటే మలబద్ధకమనుకుని ఆముదం పోస్తారు. కింద నేల చూడండి, తడి ఉందా? చుక్కచుక్కగా వస్తోంటే, అసలు రాకపోతే, మూత్రనాళంలో రాయి అడ్డుపడింది. ఒక రోజు ఆగితే మూత్రసంచి పగలొచ్చు. రాత్రయినా సరే, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది. కారణం ఎక్కువగా తవుడు, బూసా (గోధుమ పొట్టు). వాటిలో భాస్వరం ఎక్కువ. పోతుకు గడ్డి, సుబాబుల్, అవిసె, పనస ఆకులు పెట్టి, నాకడానికి ఉప్పుగడ్డ కట్టండి, దాహం వేసి నీళ్ళు బాగా తాగుతుంది.

కింది కనురెప్ప తిప్పి చూడటం నెలకోసారి అలవాటు చేసుకోండి. ఎర్రగా ఉండాలి. కాగితంలా తెల్లబడి, దవడ కింద నీటిసంచి దిగితే నట్టలు. పేడ పరీక్ష చేయించి, బరువును బట్టి మందు వేయించి, రెండు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించాలి. పీపీఆర్ (పారుడు రోగం), చిటుకు రోగం, గాలికుంటు టీకాలు అదే రోజు అడగండి.

రాత్రంతా అరుస్తుంటే జబ్బు కోసం వెతక్కముందు ఒక్కటే ఉందా అని చూడండి. మేక మంద జీవం. రెండింటిని ఉంచలేకపోతే తీసుకోకపోవడమే మేలు.

పొద్దున చూస్తే కోడి చనిపోయి ఉంది

మెడ దగ్గర గాయం ఉంటే కుక్కో పునుగుపిల్లో. ఆరుకోణాల కోళ్ళ జాలీని వీధికుక్క చింపేస్తుంది. అర అంగుళం వెల్డు మెష్ వేసి, కింద అడుగు లోతు పాతితే పందికొక్కు కూడా రాదు. గాయం లేకపోతే కారణం తెలుసుకోవడం మిగిలినవాటికి అవసరం. రెండు కవర్లలో కట్టి ఐసు మధ్య పెట్టండి, ఫ్రీజర్లో వద్దు, గడ్డకడితే లోపలి భాగాలు పరీక్షకు పనికిరావు. 24 గంటల్లో హెబ్బాళలోని పశు ఆరోగ్య సంస్థలో శవపరీక్షకు ఇవ్వాలి. ఒకటి రెండు రోజుల్లో వరసగా చాలా కోళ్ళు పోతే బర్డ్ ఫ్లూ అనుమానించాలి. ముట్టుకోవద్దు, పాతిపెట్టొద్దు, మిగిలినవాటిని ఎవరికీ ఇవ్వొద్దు. గేటు మూసి దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలకు ఫోను చేయండి.