వార్డులోని పిల్లల్ని వీల్‌చెయిర్ ఆటలకు తీసుకెళ్లే ముందు

మొదటిసారి అయితే డాక్టరు, ఫిజియోథెరపిస్టు ఇద్దరూ సరే అనాలి, ఇందులో మొహమాటం వద్దు.

- వెన్నుపాము దెబ్బ టి6 (ఛాతీ భాగంలోని ఆరో వెన్నుపూస) స్థాయిలోగానీ అంతకంటే పైనగానీ ఉన్న పిల్లలకు ఉన్నట్టుండి విపరీతమైన తలనొప్పి వచ్చి, ముఖం ఎర్రబడి చెమటలు పడితే బీపీ ప్రమాదకరంగా పెరుగుతోందేమో అనుకోవాలి. వెంటనే ఆట ఆపి, నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు, బెల్టులు వదులు చేసి, యూరిన్ పైపు మడత పడిందేమో చూస్తూనే డాక్టర్ని పిలవండి.
- యూరిన్ బ్యాగ్ ముందే ఖాళీ చేయండి.
- స్పర్శ లేని చోట ఒరుసుకుపోయినా వాళ్లకు తెలీదు, అందుకే మధ్యమధ్యలో బరువు మార్చి కూర్చోమనండి, ఆట అయ్యాక చర్మం చూడండి.
- బ్రేకులు, వెనక్కి పడనివ్వని చిన్న చక్రాలు సరిచూడాలి.
- ఈరోజు చూస్తానంతే అంటే చూడనివ్వండి, దయచేసి బలవంతపెట్టొద్దు.