వీడియోలోంచి ఆడియో సీడీ క్వాలిటీలో తీయాలంటే

పెళ్లి వీడియోలో అమ్మమ్మ పాడిన మంగళహారతి ఒక్కటే విడిగా కావాలా? దానికి ఏ వెబ్‌సైట్‌కీ ఫైల్ అప్‌లోడ్ చేయక్కర్లేదు. కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే చాలు, అదీ ఉచితమే.

మీడియా మెనూలో కన్వర్ట్/సేవ్ నొక్కి వీడియోని యాడ్ చేయండి. ప్రొఫైల్‌లో 'ఆడియో - సీడీ' ఎంచుకోండి. సేవ్ చేసే ఫైల్ పేరు చివర డాట్ వేవ్ (.wav) ఉందో లేదో చూసుకుని స్టార్ట్ కొట్టండి. శబ్దమేమీ రాదు, కింద గీత మాత్రం కదులుతుంటుంది. టెన్షన్ పడకండి, అది చివరిదాకా వెళ్తే పని అయిపోయినట్టే.

వచ్చేది 44,100 హెర్ట్జ్ (శబ్దాన్ని సెకనుకు అన్నిసార్లు కొలుస్తారన్నమాట), 16 బిట్ స్టీరియో, అంటే సీడీ ప్రమాణమే. వీడియోల్లో ఆడియో సాధారణంగా 48,000 హెర్ట్జ్‌లో ఉంటుంది, సీడీకి అది పనికిరాదు. నిమిషానికి సుమారు 10 ఎంబీ అవుతుంది కాబట్టి డిస్కులో చోటు చూసుకోండి. అయితే ఫోన్లో గరగరమంటూ రికార్డయింది వేవ్‌గా మారినంత మాత్రాన స్టూడియో పాటైపోదు, ఉన్నది ఇంకా చెడకుండా ఉంటుందంతే.

కారులోని పాత ప్లేయర్ కోసమైతే ఖాళీ సీడీ మీదకి ఫైల్‌ని రైట్ చేసేటప్పుడు డేటా సీడీ కాకుండా ఆడియో సీడీ అని పెట్టండి. ఒక్కో సీడీలో 80 నిమిషాలు పడతాయి.