పెన్‌డ్రైవ్ పాటలు వరసలో రాకపోతే: నా అనుభవం

కావలిలో మా అంగట్లో యాంప్లిఫయర్‌కి పెన్‌డ్రైవ్ పెడితే, 01, 02 అని పేర్లున్నా పాటలు అడ్డదిడ్డంగా వచ్చేవి. పేర్లు మార్చడం, ట్యాగులు (ఫైలు లోపల ఉండే పాట వివరాలు) దిద్దడం, మళ్లీ ఫార్మాట్ కొట్టడం ఏవీ పనిచేయలేదు.

ఇలాంటి చవక ప్లేయర్లు చాలావరకు పేరు చూడవు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను నమోదు చేసే పద్ధతి ఫ్యాట్32. దాని పట్టికలో ఫైలు ఎక్కిన వరసలోనే పాడతాయి. ఆ పట్టికను సర్దేది ఫ్యాట్‌సార్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్.

ఉబుంటు (ఒక రకం లైనక్స్)లో టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే కిటికీ తెరిచి, సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫ్యాట్‌సార్ట్ కొట్టాను. డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌లో సైజు చూసి పెన్‌డ్రైవ్ పేరు పట్టుకున్నాను, నాకు ఎస్‌డీబీ1. ఇక్కడ తొందరపడొద్దు, వేరే డిస్కు పేరు కొడితే కష్టం. తర్వాత టెర్మినల్లోనే యుమౌంట్ చేయాలి, అంటే డ్రైవును పీకకుండానే సిస్టమ్ వాడకం నుంచి విడదీయాలి. ఫైల్ మేనేజర్‌లో ఎజెక్ట్ నొక్కితే డ్రైవే కనబడకుండా పోవచ్చు. హైఫన్ ఎల్‌తో ఫ్యాట్‌సార్ట్ నడిపితే ఇప్పుడున్న వరస కనిపిస్తుంది: 07, 02, 11. చివరగా సుడో ఫ్యాట్‌సార్ట్ హైఫన్ ఎన్, ఆ పక్కన స్లాష్ డెవ్ స్లాష్‌తో కలిపి డ్రైవు పేరు. ఇక్కడ హైఫన్ ఎన్ అంటే అంకెల విలువ ప్రకారం సర్దమని. హైఫన్ ఎన్ లేకపోతే, ముందు సున్నా లేని పేర్లలో 2 కంటే 10 ముందొస్తుంది.

కొత్త పాట ఎక్కించిన ప్రతిసారీ మళ్లీ నడపాలి. సొంతంగా వరస పెట్టుకునే ప్లేయర్లకు ఇది పనికి రాకపోవచ్చు.

అన్నట్టు, అంగట్లో వేసేదానికి సీసీ బై (చేసినవాళ్ల పేరు చెప్పి వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు) పాటలే తీసుకోండి, ఎన్‌సీ (వ్యాపారానికి వాడకూడదనే షరతు) ఉన్నవి వద్దు.