ఇన్ఫార్మర్ సమాచారంతో నడిచిన మాదకద్రవ్యాల కేసు: శిక్షపై అప్పీలు చేసే విధానం

మాదకద్రవ్యాల నేరాలకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం కింద ప్రత్యేక కోర్టు విధించిన శిక్షపై అప్పీలు హైకోర్టులోనే వేయాలి. అందుకు గడువు 60 రోజులు; తీర్పు సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన కాలం అందులోంచి మినహాయిస్తారు. గడువు దాటితే, కారణాలు చూపుతూ ఆలస్యాన్ని మన్నించమని విడిగా పిటిషన్ పెట్టాలి. జైల్లో ఉన్నవారు జైలు అధికారి ద్వారా అప్పీలు పంపవచ్చు, న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు.

ఇలాంటి కేసుల్లో ముద్దాయి బంధువులు ముందుగా కోరేది ఆ ఇన్ఫార్మర్ ఎవరో బయటపెట్టించమని. ఆ దారిలో దొరికేది తక్కువ, ఎందుకంటే సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని అధికారిని బలవంతపెట్టడానికి 68వ సెక్షన్ ఒప్పుకోదు. మనిషిని వదిలిపెట్టి, అతడిచ్చిన కబురు కాగితం మీదికి ఎప్పుడు, ఎలా ఎక్కిందో చూడాలి.

ఇల్లు, గోదాము వంటి చోట్ల సోదా చేసేటప్పుడు, అందిన సమాచారాన్ని రాతలో పెట్టి 72 గంటల్లోగా పై అధికారికి ప్రతి పంపాలని 42వ సెక్షన్ చెబుతుంది. దీన్ని బొత్తిగా పాటించకపోతే చెల్లదనీ, సరైన వివరణ ఉన్న జాప్యం మాత్రం చెల్లుతుందనీ కర్నైల్ సింగ్ కేసులో 2009లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అందుచేత తీర్పు కంటే ముందు సాక్షుల డిపోజిషన్లు, అంటే కోర్టులో వాళ్లు చెప్పిన వాంగ్మూలాలు, చదవాలని నా అభిప్రాయం. జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే పుస్తకం), పై అధికారికి వెళ్లిన లేఖ, మధ్యవర్తుల నివేదిక (సోదాకు సాక్షులుగా ఉన్నవారి ఎదుట రాసిన పంచనామా) పక్కపక్కన పెట్టుకుని వాటిలోని సమయాలు పోల్చాలి. ఆ లేఖ మీద పై కార్యాలయం ముద్ర గానీ, అందినట్టు సంతకం గానీ లేదని ఇన్‌స్పెక్టర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకుని ఉంటే, ఆ వాక్యాన్ని పేజీ నంబరుతో సహా అప్పీలు కారణాల్లో ఎక్కించాలి. బస్టాండులోనో రోడ్డు మీదో పట్టుకున్న కేసుకు వర్తించేది 43వ సెక్షన్ కనుక ఈ వాదన అక్కడ నిలవదు.

ఇన్ఫార్మర్ కబురు చెప్పి ఊరుకోకుండా తానే కొనుగోలుదారుగా వెళ్లి డబ్బిచ్చి ఉంటే సంగతి వేరు. అప్పుడతడు అమ్మకానికి ప్రత్యక్ష సాక్షి అవుతాడు. అతణ్ణి బోనెక్కించకుండా అమ్మకం ఎలా రుజువైందని గట్టిగా అడగవచ్చు. ఇచ్చిన నోట్ల నంబర్లు ముందే రాసుకున్నారా, అవే ముద్దాయి జేబులో దొరికాయా అన్నదీ చూడాలి. అయితే సరుకు ముద్దాయి దగ్గరే పట్టుబడి ఉంటే ఈ ఒక్క వాదనతో గట్టెక్కలేరు. ఒంటి సోదాకు 50వ సెక్షన్, నమూనాల సేకరణకు 52ఎ పాటించారో లేదో కూడా పరిశీలించాలి. అధికారుల ముందు 67వ సెక్షన్ కింద ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా పనికిరాదని తూఫాన్ సింగ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు చేసిన అధికారే దర్యాప్తు కూడా చేశాడన్న పాత వాదన మాత్రం, అదే ఏడాది వచ్చిన ముకేశ్ సింగ్ తీర్పు తర్వాత, ఒంటరిగా పనిచేయదు.

అప్పీలుతో పాటే శిక్ష నిలుపుదల పిటిషన్ కూడా వేయాలి. సరుకు వాణిజ్య పరిమాణమైతే, అంటే గంజాయి 20 కిలోలు మించితే, బెయిలుకు 37వ సెక్షన్ పెట్టిన షరతులు అడ్డొస్తాయి. కనుక ముద్దాయి నిర్దోషి అని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని కోర్టుకు అనిపించేలా, పైన చెప్పిన లోపాల్లో బలమైనవాటిని ఆ పిటిషన్‌లోనే ముందు పెట్టాలి.