నిజాం కాలపు మేడలో వాటా కొనేముందు ఏమేం చూడాలి

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన మేడలు హైదరాబాద్‌లోని సోమాజిగూడ, బేగంపేట, రెడ్ హిల్స్ వంటి చోట్ల ఇప్పటికీ అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. 1908 నాటి మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నగరాన్ని కొత్తగా తీర్చిదిద్దిన దశాబ్దాల్లో కట్టినవి వీటిలో చాలా ఉన్నాయి. ఎత్తైన కప్పులు, కమానుల వరండాలు, రంగు టైల్స్ పరిచిన హాలు చూడగానే మనసు పడిపోతుంది. అమ్మేవారికి ఆ సంగతి బాగా తెలుసు. అందుచేత హాలులోకి అడుగుపెట్టే ముందే మిద్దె ఎక్కాలి, వీలైతే వానాకాలంలోనే ఎక్కాలి.

మిద్దె మీద వాన నీరు ఎటు పారుతోందో, తూములు పూడుకుపోయాయో లేదో గమనించండి. పిట్టగోడలో రావి మొక్క మొలిచి ఉంటే దాని వేళ్లు ఎంత లోతుకు దిగాయో మేస్త్రి చేత చూపించుకోవాలి. దానిని పట్టి లాగితే గోడ కూడా ఊడి వస్తుంది. తరువాత కింది నుంచి కప్పును చూడాలి. ఆ కాలపు కప్పులు కొన్ని టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నపు కాంక్రీటు వేసినవి కాగా, కొన్ని ఇనుప గర్డర్ల మధ్య చిన్న చిన్న ఇటుక కమానులు కట్టినవి. దూలమైతే గోడలోకి దూరే కొసల దగ్గర చెద, పుచ్చు వెతకాలి. గర్డరైతే తుప్పే అసలు శత్రువు, ఎందుకంటే తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి పక్కనున్న ఇటుకలను పగలగొడుతుంది. పైన రంగు వేసి మెరిపించిన గర్డరును తట్టి, గీకి చూడకుండా నమ్మకూడదు.

గోడల విషయంలో కొనేవారిని ఎక్కువగా మోసగించేది పగులు కాదు, పగుళ్లను కప్పిన సిమెంటు. ఈ మేడలను గానుగ సున్నంతో కట్టారు. ఆ సున్నం చెమ్మను పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది, గోడ కొద్దిగా కదిలినా తట్టుకుంటుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని, ఉప్పు పొరగా తేలి, పూతతో పాటు సున్నాన్నీ పెచ్చులుగా రాల్చేస్తుంది. గోడ పొడవునా వేళ్లతో తట్టి డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టండి. వెంట్రుకంత పగుళ్లకు భయపడనక్కరలేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పోతూ వెడల్పవుతున్న పగులును మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపాలి. పగులుకు అడ్డంగా పలుచని గాజు పట్టీ అతికించి, తేదీ రాసి, అది విరుగుతుందో లేదో కొన్ని నెలలు గమనించే పద్ధతి పాతదే అయినా ఇంకా పనికొస్తుంది. మరమ్మతుకు సున్నం పని తెలిసిన మేస్త్రినే పిలవాలి. సున్నాన్ని వారాల తరబడి నీళ్లలో నానబెట్టి, బెల్లం, కరక్కాయ నీరు కలిపి పూసే ఆ పని నిదానంగా సాగుతుంది, ఖర్చూ ఎక్కువే. ఆ ఖర్చును ముందుగానే బేరంలో తగ్గించుకోవాలి.

వైరింగ్, నీటి గొట్టాలు పాతవైతే అన్నీ మార్చక తప్పదని లెక్క వేసుకోండి.

ఇక పత్రాల సంగతి, ఇది గోడల కంటే చిక్కైనది. నిజాం పాలనలో అధికార భాష ఉర్దూ కనుక మూల పత్రాలు చాలావరకు ఉర్దూలోనే ఉంటాయి. వాటిని చదవగల న్యాయవాదిని పెట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందు లావాదేవీల కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చేతిరాత రికార్డులను వెతికించాలి. ఆస్తి వక్ఫ్ జాబితాలో గానీ, దేశ విభజన తరువాతి ఇవాక్యూ (దేశం విడిచి వెళ్లినవారి) ఆస్తుల్లో గానీ ఉందేమో విడిగా విచారించాలి. వారసులందరి సంతకాలు, భూమిలో మీకు వచ్చే అవిభాజ్య వాటా, మిద్దె హక్కు, పాత కిరాయిదారుల స్థితి ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోవాలి. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కింద ఆ భవనానికి రక్షణ ఉంటే, ముఖభాగంలో ఏ మార్పు చేయాలన్నా అనుమతి కావాలి కనుక, బయానా ఇచ్చేముందే ఆ విషయం తేల్చుకోండి.