ఫ్లైట్ సిమ్యులేటర్‌కి గ్రాఫిక్స్ కార్డు కొనేముందు

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 నత్తనడక నడిస్తే అందరి కన్నూ ముందు గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. చాలాసార్లు తప్పు దానిది కాదు. రెక్కల మీద గాలి ఎలా పనిచెయ్యాలి, ఆటోపైలట్ ఎటు తిప్పాలి, కాక్‌పిట్ తెరల మీద ఏ అంకె మారాలి, చుట్టూ ఉన్న ట్రాఫిక్ ఎటు కదలాలి, ఈ లెక్కలన్నీ ప్రాసెసర్ చేస్తుంది. 2020 నాటి సిమ్‌తో పోలిస్తే ఇప్పుడు పనిని ప్రాసెసర్‌లోని ఎక్కువ కోర్లకు (లెక్కలు చేసే భాగాలకు) పంచారు గానీ, మెయిన్ థ్రెడ్ (ఒకదాని తర్వాత ఒకటిగా జరగాల్సిన ముఖ్యమైన లెక్కల వరుస) మీద బరువు ఇంకా గట్టిగానే ఉంది. ఆ లెక్క తెమిలేదాకా ఎంత ఖరీదైన కార్డయినా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

కాబట్టి డబ్బు తీసేముందు ఒక పరీక్ష. న్యూయార్క్ జేఎఫ్‌కే లాంటి బరువైన విమానాశ్రయంలో ఎయిర్‌బస్ ఏ320 స్థాయి విమానాన్ని గేటు దగ్గర నిలబెట్టండి. వరంగల్ పొలాల మీద సెస్నా ఎగరేసి చూస్తే లాభం లేదు, అక్కడ కార్డుకీ ప్రాసెసర్‌కీ పెద్దగా పనుండదు. వీ-సింక్ (ఫ్రేముల వేగాన్ని మానిటర్ వేగానికి కట్టేసేది), ఫ్రేమ్ జనరేషన్ (మధ్య ఫ్రేములను కల్పించేది) రెండూ ఆపి, అంచులు నునుపు చేసే యాంటీ ఎలియాసింగ్‌ని టీఏఏలో పెట్టి, రెండు నిమిషాలు ఆగి ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) రాసుకోండి. తర్వాత రెండర్ స్కేలింగ్‌ని (కార్డు గీసే బొమ్మ సైజు శాతాన్ని) 100 నుంచి 50కి దించండి. పొడవూ వెడల్పూ రెండూ సగమవుతాయి కాబట్టి కార్డు గీయాల్సిన పిక్సెళ్లు నాలుగో వంతుకు పడిపోతాయి. 28 ఉన్నది 45కి ఎగబాకితే ఇరుకు కార్డు దగ్గరే, కొత్తది కొంటే ఫలితం కనిపిస్తుంది. 28 కాస్తా 30 దగ్గరే ఆగిపోతే కొత్త కార్డు దండగ. సెట్టింగ్స్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ పట్టీ తెరిచినా, మెయిన్ థ్రెడ్ అడ్డమా, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) అడ్డమా అన్నది అదే చెబుతుంది.

మెయిన్ థ్రెడ్ అడ్డమని తేలితే టెర్రైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్‌ని (నేల వివరాలు ఎంత దూరం దాకా గీయాలో చెప్పే సెట్టింగ్‌ని) 200 నుంచి 100కి దించి, నేల మీద విమానాల ట్రాఫిక్ తగ్గించి చూడండి. ఇది ఉచిత వైద్యం. అది చాలకపోతే ఖర్చు ప్రాసెసర్ మీద పెట్టాలి. ఈ సిమ్‌కి పెద్ద క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) బాగా కలిసొస్తుంది. 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉన్న రైజెన్ 7 5800 ఎక్స్3డీ, 7800 ఎక్స్3డీ, 9800 ఎక్స్3డీలను సిమ్ ఆడేవాళ్లు ఏరికోరి కొనేది అందుకే. ఏఎం4 (పాత తరం రైజెన్ సాకెట్) బోర్డు ఉన్నవాళ్లకు 5800 ఎక్స్3డీ పాతదైనా పనికొస్తుంది, ముందు బయాస్ (మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకోవాలి, అంతే.

వీడియో మెమరీ దగ్గర రాజీ వద్దు

కార్డే మార్చాలని తేలితే మొదట చూడాల్సింది వేగం కాదు, మెమరీ. కంపెనీ చెప్పిన ప్రకారం కనీసం 4 జీబీ, సిఫారసు 8 జీబీ, మేలైన అనుభవానికి 12 జీబీ. కనీసపు జాబితాలో ఉన్నది ఎన్‌విడియా జీటీఎక్స్ 970. దాని 4 జీబీలో పూర్తి వేగంతో పనిచేసేది మూడున్నరే అని 2015లో పెద్ద రభసే జరిగింది. ఆ వరుసను సిమ్ తెరుచుకోవడానికి సరిపోతుందన్న హామీగానే తీసుకోండి.

8 జీబీ కార్డుతో జరిగేది ఇది. టేకాఫ్‌లో 40 ఎఫ్‌పీఎస్ హాయిగా వస్తుంది. గంటన్నర ఎగిరి పెద్ద నగరంలో దిగబోతుంటే ఉన్నట్టుండి 8కి పడిపోతుంది, ఎంతసేపు ఆగినా కోలుకోదు. కొత్త విమానాశ్రయం, నగర భవనాలు, కాక్‌పిట్ టెక్స్చర్లు (ఉపరితలాల మీద అతికించే బొమ్మలు) కలిసి మెమరీని నింపేశాయి. పట్టనిది సిస్టమ్ ర్యామ్‌లోకి పొంగి, కార్డుని మదర్‌బోర్డుకి కలిపే పీసీఐఈ దారి గుండా వెనక్కీ ముందుకీ తిరుగుతోంది. ఆ దారి కార్డు సొంత మెమరీతో పోలిస్తే కాలిబాటే. టెక్స్చర్ నాణ్యత ఒక మెట్టు దించి సిమ్‌ను మూసి తెరిచాక మళ్లీ మామూలైతే రోగం మెమరీదేనని ఖాయం చేసుకోవచ్చు. బ్రౌజర్, రెండో మానిటర్, ఫ్లైట్ ప్లాన్ చూపించే యాప్‌లు కూడా అందులోంచే వాటా తింటాయి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద జీపీయూ పేజీలో డెడికేటెడ్ మెమరీ నిండిపోయి, షేర్డ్ మెమరీ పెరుగుతూ పోతుంటే ఇదే జరుగుతున్నట్టు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060, 5060, 5060 టీఐ కార్డులకు పీసీఐఈ దారులు ఎనిమిదే. బీ450 బోర్డు, పదో తరం ఇంటెల్ లాంటి పీసీఐఈ 3.0 సిస్టముల్లో అవి సెకనుకు సుమారు 8 జీబీకే పరిమితమవుతాయి, 4.0 బోర్డులో వచ్చేదానిలో అది సగం. మెమరీ పొంగినప్పుడు ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పాత బోర్డు, 8 జీబీ, ఎనిమిది దారులు, ఈ మూడూ ఒకచోట కలవకుండా చూసుకోండి. ఏఎండీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీకి పదహారు దారులున్నాయి కనుక పాత బోర్డుకి అది మంచి జోడీ. అందులోనూ 8, 16 జీబీ రకాలు రెండున్నాయి. పేరొకటే కాబట్టి బిల్లు మీద అంకె చూసి మరీ తీసుకోండి.

1080పీ లేదా 1440పీ మానిటర్‌కి 16 జీబీ ఉన్న 9060 ఎక్స్‌టీ గానీ 5060 టీఐ గానీ చాలు. 1440పీలో సెట్టింగులు పైకి పెట్టాలంటే ఆర్‌ఎక్స్ 9070 దగ్గర మొదలుపెట్టండి. ఆర్‌టీఎక్స్ 5070 వేగంగానే ఉంటుంది గానీ 12 జీబీ దగ్గర ఆగిపోయింది, సిమ్ ఒక్కటే ఆడేవాళ్లకి అది మొదటి ఎంపిక కాదు. 4కే అంటే 83 లక్షల పిక్సెళ్లు, 1080పీకి నాలుగింతలు. అక్కడ 5070 టీఐ, 9070 ఎక్స్‌టీ, 5080 వరుసలోకి వెళ్లాల్సిందే, ఈ మూడింటికీ 16 జీబీయే. వీఆర్ ఇంకా బరువు: క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌లో ఒక్కో కంటికి 2064 × 2208, రెండూ కలిపితే 91 లక్షలు. ఇంటెల్ ఆర్క్ బీ580 ధరకి 12 జీబీ ఇస్తుంది గానీ, పాత ప్రాసెసర్‌తో జతకడితే చతికిలబడుతుంది. ప్రాసెసర్ మీదే భారం పడే ఈ సిమ్‌లో ఆ జోడీ అసలే వద్దు.

ఇక తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేసే ఎన్‌విడియా డీఎల్ఎస్ఎస్, ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ సంగతి. బయటి దృశ్యానికి రెండూ బాగానే ఉంటాయి. తేడా తెలిసేది కాక్‌పిట్‌లో, ఎత్తు, వేగం చూపించే అంకెలు కదిలేటప్పుడు వెనక నీడలా సాగుతాయి. 2025 జనవరిలో వచ్చిన డీఎల్ఎస్ఎస్ 4 కొత్త మోడల్ దీన్ని బాగా తగ్గించింది, 20 సిరీస్ నుంచి అన్ని ఆర్‌టీఎక్స్ కార్డులకూ అది దొరుకుతుంది. ఫ్రేమ్ జనరేషన్ మాత్రం ప్రాసెసర్ అడ్డంగా ఉన్నప్పుడు కూడా కదలికను నునుపు చేస్తుంది, ఎందుకంటే మధ్య ఫ్రేములను కార్డే అల్లుకుంటుంది. అసలు ఫ్రేములు 30కి తగ్గకుండా ఉంటేనే పెట్టండి, లేకపోతే ల్యాండింగ్‌లో స్టిక్ కదిపాక విమానం ఆలస్యంగా స్పందిస్తుంది. మెమరీని కూడా అది కొంత తింటుంది. 8 జీబీ కార్డులో ఇది పెడితే పుండు మీద కారం.

క్యాబినెట్, కరెంటు, వేడి

క్యాబినెట్ లోపల వెనక స్లాట్ నుంచి ముందు గోడ దాకా టేపుతో కొలిచి, ఫ్యాన్ మందం తీసెయ్యండి. ముందు లిక్విడ్ కూలర్ ఉంటే రేడియేటర్ 27 మి.మీ., ఫ్యాన్ 25 మి.మీ., మొత్తం 52 తీసెయ్యాలి. పెద్ద కార్డులు 300 మి.మీ. దాటుతున్నాయి, మందం మూడు స్లాట్లు.

స్లాట్ నుంచి 75 వాట్లు, ఒక్కో 8 పిన్ కేబుల్ నుంచి 150 వాట్లు అందుతాయి. రెండు 8 పిన్ సాకెట్లున్న కార్డుకి ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి రెండు వేరువేరు కేబుళ్లు లాగండి. ఒకే కేబుల్‌కి రెండు తలలు ఉన్నాయి కదా అని వాడితే బరువు ఎక్కువైనప్పుడు సిస్టమ్ ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఎన్‌విడియా చెప్పిన ఎస్ఎంపీఎస్ లెక్క 5070కి 650 వాట్లు, 5070 టీఐకి 750, 5080కి 850. పదహారు పిన్నుల కనెక్టర్ అయితే సందు కనిపించకుండా లోపలికంటా నొక్కాలి, మొదటి మూడు సెంటీమీటర్లలో వంచకూడదు. సగం దిగిన కనెక్టర్లు కరిగే ప్రమాదం ఎక్కువ.

యూపీఎస్ లెక్క చాలామంది మరచిపోతారు. ఇళ్లలో మామూలుగా ఉండే 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లే ఇస్తుంది. 300 వాట్ల కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిపితే అది దాటిపోతుంది. కరెంటు పోయిన క్షణంలోనే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. వేసవిలో గది 25 నుంచి 38 డిగ్రీలకు ఎక్కితే కార్డు వేడి కూడా దాదాపు అంతే ఎక్కుతుంది. మూడు ఫ్యాన్ల కూలర్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు.

సెకండ్ హ్యాండ్ అయితే కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ యాప్‌లో చిప్ పేరు, మెమరీ సరిచూసి, పావుగంట బరువు పెట్టి ఆడించి చూశాకే డబ్బివ్వండి. కొత్తదైనా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ దుకాణాల్లో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా, బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండాలి.

బిగించేముందు పాత డ్రైవర్‌ను డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పూర్తిగా తీసేయండి, ముఖ్యంగా కంపెనీ మారుస్తుంటే. బయాస్‌లో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే వీలు), అబౌ 4జీ డీకోడింగ్ ఆన్ చెయ్యాలి. అందుకు సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ చేసే సెట్టింగ్) ఆపాలి. విండోస్ ఉన్న డిస్కు ఎంబీఆర్ (పాత విభజన) పద్ధతిలో ఉంటే అప్పుడు సిస్టమ్ బూట్ కాదు. కాబట్టి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ముందే చూసుకుని, డేటా దాచుకుని, విండోస్‌లోని ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో కొత్త జీపీటీ పద్ధతికి మార్చుకున్నాకే బయాస్ ముట్టుకోండి. మానిటర్ కేబుల్‌ని కొత్త కార్డు వెనక గుచ్చండి. అలవాటు కొద్దీ మదర్‌బోర్డు పోర్టులోనే గుచ్చేసి, కార్డు పనిచెయ్యట్లేదని దుకాణానికి పరుగెత్తేవాళ్లు తక్కువేం లేరు. తర్వాత అదే జేఎఫ్‌కే గేటు, అదే విమానం, అవే సెట్టింగులతో మళ్లీ కొలిచి, మొదట రాసుకున్న అంకె పక్కన రాయండి.