ఏడు గడుల్లో ఏం రాయాలి? సొంతంగా పుస్తకం వేసుకున్నవాళ్ల కోసం

పోచంపల్లి నేత మీద ఇంగ్లీషులో చిన్న పుస్తకం రాసి, ఎవరి పుస్తకం వాళ్లే వేసుకునే అమెజాన్ సైటు కేడీపీలో పెట్టినప్పుడు, కీవర్డ్స్ (పుస్తకం వెతికేవాళ్లు కొట్టే మాటలు) దగ్గర నేను మొట్టమొదట కొట్టిన మాట 'చిట్కి'. నూలుకు రబ్బరు ముక్కలు చుట్టి, ముడులేసి, రంగులో ముంచే పనిని మా దిక్కు అట్లనే అంటారు. కానీ చీర కొనేవాళ్లకు, డిజైన్ చదివే పిల్లలకు ఆ మాట తెలియదు, వాళ్లు 'ఇక్కత్' అని కొడతారు. నెలలు గడిచినా పుస్తకం ఎవరి కంటా పడలేదు.

కేడీపీలో కీవర్డ్స్‌కు ఏడు గడులుంటాయి, ఒక్కోదాంట్లో స్పేసులతో కలిపి 50 అక్షరాల దాకా పడతాయి. చాలామంది ఒక్కో గడిలో ఒక్కో మాట రాసి వదిలేస్తారు, చోటంతా వృథా. జనం వెతికే వరసలోనే రెండు మూడు మాటలు కలిపి రాయండి. పుస్తకం పేరు, మీ పేరు మళ్లీ రాయొద్దు, వాటిని అమెజాన్ స్టోర్ ఎట్లాగూ వెతుకుతుంది.

మాటలు ఎక్కడ దొరుకుతాయంటే, స్టోర్ సెర్చ్ పెట్టెలోనే. ముందు బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో తెరవండి, లేకపోతే మీరు పాతవి వెతికినవే చూపిస్తుంది. పక్కన కిండిల్ స్టోర్ (ఈ-బుక్కుల) విభాగం ఎంచుకోవడం మాత్రం మర్చిపోవద్దు, నేను ఆ పని చేయకుండా 'ఇక్కత్' కొడితే పేజీ నిండా చీరలే వచ్చాయి! సగం మాట కొట్టి ఆగితే కింద జాబితా దిగుతుంది, ఆ తర్వాత ఏ, బీ, సీ అని ఒక్కో అక్షరం చేర్చుకుంటూ పోతే ఇంకా వస్తాయి. నోట్‌బుక్కులో రాసుకోండి. ఒక్కోదాన్నీ నొక్కి, వచ్చిన పుస్తకాలు మీ పుస్తకం లాంటివేనా అని చూడండి, కాకపోతే నోట్‌బుక్కులోంచి తీసేయండి.

మన ఊళ్ల పేర్లతో ఒక చిక్కుంది. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లీషులో హెచ్ తర్వాత ఏ పెట్టి రాసేవాళ్లూ ఉన్నారు, పెట్టనివాళ్లూ ఉన్నారు. పాత పేరు పాలమూరు మీద ఇప్పటికీ వెతుకుతారు, అందులోనూ 'యూ'తో ఒకరు, రెండు 'ఓ'లతో ఒకరు. స్పెల్లింగ్ తప్పులు, ఏకవచన బహువచనాల తేడాలు కీవర్డ్స్‌లో పెట్టొద్దని కేడీపీ చెబుతుంది, కానీ వేరే భాష నుంచి వచ్చిన పేరును రెండు రకాలుగా రాసేచోట మినహాయింపు ఇచ్చింది. కాబట్టి పాలమూరు వలస కూలీల మీద రాసినవాళ్లు రెండు రూపాలూ ధైర్యంగా పెట్టుకోవచ్చు.

'బెస్ట్', 'న్యూ', 'ఫ్రీ' లాంటివి, ఇంకో రచయిత పేరు, అమెజాన్ చందా పథకం 'కిండిల్ అన్‌లిమిటెడ్' పేరు, ఇవేవీ పెట్టకూడదు. పుస్తకంలో లేనిది కూడా పెట్టొద్దు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానం మొదలైంది పోచంపల్లిలోనే కదా అని నేను 'భూదాన్' చేర్చాను. నా పుస్తకంలో దాని గురించి ఉన్నది ఒక్క పేజీ. చరిత్ర కోసం డబ్బు పెట్టి కొన్నవాళ్లను మోసం చేసినట్టే అనిపించి తీసేశాను.

కీవర్డ్స్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. మార్పు కనిపించడానికి 72 గంటల దాకా పట్టొచ్చు. ఏడూ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, ఒకటి మార్చి కొన్ని వారాలు చూడండి. కీవర్డ్ గడులు లేని స్టోర్‌లో పెడితే ఈ మాటలే పుస్తక వివరణలో మొదటి రెండు వాక్యాల్లో పడాలి.

చివరగా, మీ పుస్తకం చదవనివాళ్లను తప్పకుండా అడగండి. మిర్యాలగూడలో ఉండే మా మరదలికి చీర చూపించి, దీని మీద పుస్తకం కావాలంటే ఏం కొడతావమ్మా అన్నాను. "ఒరిజినల్ పోచంపల్లి సారీ ఎట్లా గుర్తుపట్టాలి అని కొడతా బావా, ఇంకేం కొడతా" అంది. అసలుకూ, ప్రింటు వేసినదానికీ తేడా మీద నా పుస్తకంలో ఏకంగా ఒక అధ్యాయమే ఉంది, ఏడు గడుల్లో మాత్రం ఆ మాట ఎక్కడా లేదు. ఇంగ్లీషులో రాస్తే స్పేసులతో కలిపి 42 అక్షరాలు వచ్చింది. 'చిట్కి' ఉన్న గడి చెరిపేసి అక్కడ పెట్టాను.